గొడ్డలి చూపించే ఉద్యోగం

మొక్కలతో ఇబ్బంది లేదు

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి ముందుగా ఒక మాట చెప్పేస్తే సగం భయం పోతుంది. మొక్కలతో ఇబ్బంది లేదు. నీళ్ళు పోస్తే బతుకుతాయి, పొయ్యకపోతే చస్తాయి. రెండు పనులూ ఎవరికీ ఫిర్యాదు రాయకుండానే చేస్తాయి. ఇబ్బందంతా మొక్క చుట్టూ నిలబడే మనుషులతో. కాలేజీలో మాకు మొక్క గురించి నాలుగేళ్ళు చెప్పారు. చుట్టూ నిలబడేవాళ్ళ గురించి ఒక్క పీరియడు కూడా చెప్పలేదు.

నేను పండ్ల తోటలు, పూల తోటలు చదువుకుని డెబ్బైల మొదట్లో విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాను. రేవు దగ్గర ఒక సంస్థ, దానికో పెద్ద కాలనీ, ఆ కాలనీ చెట్లన్నిటికీ నేను. నా పైన సివిల్ ఇంజనీరు దశరథరామయ్య గారు. చెట్లని సివిల్ వాళ్ళ కింద ఎందుకు పెట్టారని అడిగితే, రెండూ నేలలోంచే పైకి లేస్తాయి కదా అన్నారు.

చేరిన ఏడాది నాలుగు రంగుల గులాబీలు వేయించాను. మా కాలనీకి గాలి రేవు వైపునుంచి వచ్చేది. రేవులో ఓడలకెత్తే ఇనుప రాయి ధూళి ఆ గాలితోపాటే వచ్చేది. పూలు విచ్చుకున్న వారానికి తెలుపూ పసుపూ గులాబీ రంగూ అన్నీ కలిసి ఒకే ఇటుక రంగయ్యాయి. నేను మొహం వేలాడేసుకుని నిలబడితే దశరథరామయ్య గారు వచ్చి, పూలమడి ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, "గుడ్. యూనిఫాంగా వచ్చాయి" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన మొదటి మెప్పు అది. దాన్ని కాదనుకునే వయసు కాదు నాది.

ఆయన గురించి చెడ్డగా చెప్పలేను. నిజాయితీపరుడు, కృష్ణా జిల్లా మనిషి, ఎండలో నిలబడి పని చేయించేవాడు. చిక్కల్లా ఆయనకి ఏ పనికైనా ఒక ముగింపు ఉండాలి. మామిడి మొక్క నాటిన రోజున "కంప్లీషన్ ఎప్పుడు?" అని అడిగారు. అయిదేళ్ళకి కాపు మొదలవుతుందని చెప్పాను. "ఆ తర్వాత?" అన్నారు. ఏటా కాస్తుందన్నాను. "అయితే ఈ పని ఎప్పటికీ అవదన్నమాట" అని నాకేసి జాలిగా చూశారు. ఇంజనీర్ల దగ్గర పని చేయబోయే పిల్లలు ఈ చూపుకి ముందే సిద్ధపడి ఉండాలి.

వంపు ఇష్టం లేని మనిషి

దశరథరామయ్య గారికి ప్రపంచంలో నచ్చని వస్తువు వంపు. రోడ్డు తిన్నగా ఉండాలి, గోడ తిన్నగా ఉండాలి, కాలువ తిన్నగా ఉండాలి. కొబ్బరిచెట్లు సముద్రం గాలికి ఒకవైపు వాలితే, వాటిని నిలబెట్టడానికి ఇనుప తీగలు కట్టించారు. గాలి తగ్గాక చెట్లు తీగల వైపు వాలాయి.

ఒక ఏడాది మా కాలనీలో పాత మురుగు కాలువ తీసేసి కొత్త డ్రైనేజీ లైను వెయ్యాలని నిర్ణయమైంది. దశరథరామయ్య గారు కాగితం మీద స్కేలు పెట్టి ఒక గీత గీశారు. ఆ గీత కాలనీ అంతా చక్కగా సాగి, జంట క్వార్టర్ల దగ్గర మాత్రం ఒక పనసచెట్టు మీదనుంచి వెళ్ళింది.

ఆ జంట ఇళ్ళ మధ్య ఎత్తు తక్కువ ప్రహరీ ఒకటి. గోడకి ఇటువైపు ఇల్లు అప్పలనాయుడిది. రేవులో క్రేన్ డ్రైవరు, ఎలమంచిలికి ఇవతల మనిషి. పనసచెట్టు మొదలు అతని పెరట్లో. అటువైపు ఇల్లు సోమేశ్వరరావు గారిది. రాజమండ్రి నుంచి వచ్చిన హెడ్‌క్లార్కు. ఆయన పెరట్లో చెట్టు లేదు, చెట్టు ఆకులు ఉన్నాయి.

మా దగ్గర ఒక నియమం ఉండేది. కాసే చెట్టు కొట్టాలంటే హైదరాబాదు దాకా రాసి అనుమతి తెప్పించుకోవాలి. కాయని చెట్టుకి నా సంతకం చాలు. ఆ పనసచెట్టు చక్కగా ఏపుగా పెరిగింది, నల్లటి నీడ ఇచ్చేది, కాని పుట్టిన దగ్గరనుంచి ఒక్క కాయ కాసి ఎరగదు. దశరథరామయ్య గారు నన్ను పిలిచి సంతకం చెయ్యమన్నారు. చెట్టు చూసి వచ్చి చేస్తానన్నాను. "చూసినంత మాత్రాన కాస్తుందా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

నేను వెళ్ళేసరికి అప్పలనాయుడు చెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏటి బాబూ, నా సెట్టు కొట్టేత్తారంట?"

"కాయటం లేదు కదా నాయుడూ."

"కాయకపోతే కొట్టేత్తారేటి? మా ఫోర్‌మేను ఏటి కాసినాడని ఉంచినారు?"

నేను తలెత్తి కొమ్మలన్నీ ఒకసారి చూశాను. కాసేపటికి అతనే మంచం మీద చోటిచ్చి కూర్చోమన్నాడు.

"ఇను బావ. మాయమ్మ పెరట్లో సెట్టు పిక్క ఇది. కోటర్సు ఇచ్చిన ఏడు తెచ్చి పెట్టినాను. ఇప్పుడు ఆ సెట్టు లేదు, పెరడు లేదు, ఊరే లేదు. ఉక్కు ఫేక్టరీ కిందకి ఎల్లిపోనాది. డబ్బులిచ్చినారు, కాదన్ను. గాని మా ఊరిది మిగిలిందంటే ఇదొక్కటే. దీన్ని కూడా కొట్టీసినాక నీది ఏ ఊరు అని అడిగితే నానేటి సెప్పాల?"

బాబు నుంచి బావకి ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. "మీ అమ్మగారి చెట్టు కాసేదా?" అని అడిగాను.

"బండెడు కాసీది."

"ఏ ఎత్తులో? మొదట్లోనా, కొమ్మలకా?"

"అదెవుడు సూసినాడు. తిన్నట్టు గేపకం."

ఈ వృత్తిలో మీకు దొరికే సాక్ష్యం చాలావరకు ఇలాగే ఉంటుంది. కాయ రుచి అందరికీ గుర్తుంటుంది. ఏ చెట్టు, ఎక్కడ కాసింది, ఏ నెలలో అంటే తలకాయ గోక్కుంటారు. అప్పలనాయుడు మాత్రం ఆ సీజనంతా రోజూ క్రేను ఎక్కగానే ముందు తన చెట్టుకేసి చూసేవాడట. అంత ఎత్తునుంచి అయితే కాయ తప్పించుకోలేదని అతని నమ్మకం.

చెట్టుకి నోటీసు

అప్పలనాయుడి వైపు ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. కాయని చెట్టుని బెదిరిస్తారు. ఒక మనిషి గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళి "కాయవు గదా, కొట్టేస్తాను" అంటాడు. ఇంకో మనిషి అడ్డుపడి "ఈసారికి వదిలెయ్యండి, వచ్చే కాపుకి కాస్తుంది, నాది పూచీ" అని బతిమాలతాడు. మూడుసార్లు బెదిరించాలి, మూడుసార్లు బతిమాలాలి. మూడోసారికి గొడ్డలి మనిషి మెత్తబడి వెళ్ళిపోతాడు. చెట్టు అంతా వింటుంది.

"గొడ్డలి నువ్వే పట్టాల బావ" అన్నాడు అప్పలనాయుడు.

"నేనెందుకు? నేను సైన్సు చదివినవాణ్ణి."

"అందుకే. నాను పడితే సెట్టు నవ్వుద్ది. పుట్టినకాడినుంచి నన్ను సూత్తంది. నువ్వయితే ఆఫీసరువి. బయపడుద్ది."

నన్ను చూసి భయపడతారని ఎవరైనా అనడం అదే మొదలు. ఒప్పుకున్నాను.

బతిమాలే మనిషి చెట్టు సొంతదారు కాకూడదట. సొంతవాడు బతిమాలితే చెట్టుకి అలుసు. పక్కింటివాడు కావాలి. అంటే సోమేశ్వరరావు గారు. ఆయనకి ఆ చెట్టంటే గిట్టదు, రోజూ పొద్దున్నే దాని ఆకులు ఊడ్చి గోడమీంచి అవతల పోసేవారు. కాని ఆయన భార్య భానుమతమ్మ గారు గోడ దగ్గరే నిలబడి మా సంభాషణంతా విన్నారు. "ఏవండీ, ఈ ఊళ్ళో పనసపొట్టు కొట్టడం ఒక్కడికీ రాదు. మార్కెట్లో ఇచ్చేది పొట్టా, చెక్కపొడా? చెట్టంటూ కాస్తే నేనే కొట్టుకుంటాను. వెళ్ళి బతిమాలండి" అన్నారు. వెళ్ళారు.

ఆదివారం పొద్దున నేను గొడ్డలి భుజాన వేసుకుని చెట్టు ముందు నిలబడ్డాను. "కాయవు కదా. కొట్టేస్తాను" అన్నాను. నాకే నమ్మకంగా అనిపించలేదు.

సోమేశ్వరరావు గారు పంచె సర్దుకుని ముందుకు వచ్చారు. ముప్ఫై ఏళ్ళుగా అర్జీలు రాయడం తప్ప ఆయనకి ఇంకో విధంగా బతిమాలడం రాదు.

"అయ్యా, పై చెట్టు తరపున విన్నవించుకొను మనవి ఏమనగా, సదరు చెట్టు ఇంతవరకు కాయకపోవుటకు కొన్ని అనివార్య కారణములు కలవు. కావున తమరు దయతో—"

"అలా కాదు బాబూ" అన్నాడు అప్పలనాయుడు. "ఏడవాల."

"ఏడుపు నా వల్ల కాదండి. కావలిస్తే 'మిక్కిలి దీనముగా' అని చేరుస్తాను."

చేర్చారు. రెండోసారి బెదిరింపు అవుతుండగా వెనకనుంచి దశరథరామయ్య గారి గొంతు వినిపించింది. ఆదివారం కూడా కాలనీ తిరిగే అలవాటు ఆయనకి. నా చేతిలో గొడ్డలి చూసి ఆయన మొహం వికసించింది.

"గుడ్. మొదలుపెట్టేశారా?"

"లేదు సార్. బెదిరిస్తున్నాం."

"ఎవర్ని?"

"చెట్టుని సార్. కాయకపోతే కొట్టేస్తామని."

నాకు మెమో ఖాయం అనుకున్నాను. ఆయన చెట్టుని ఒకసారి, నన్ను ఒకసారి చూసి గడ్డం నిమురుకున్నారు. బద్ధకించిన కాంట్రాక్టర్లతో ఆయన జీవితమంతా చేసింది ఇదే పని.

"గడువు ఎంత ఇచ్చారు?"

"గడువేం పెట్టలేదు సార్."

"గడువు లేకుండా బెదిరిస్తే ఎవరు లెక్కచేస్తారండి? మే నెలలో లైను పని ఇక్కడికొస్తుంది. అప్పటిలోగా కాస్తే సరే, కాయకపోతే మీరు సంతకం చేస్తారు. చెప్పండి దానికి."

చెప్పాను. సోమేశ్వరరావు గారు మూడో మనవిలో 'తమరు దయతలచి విధించిన గడువునకు లోబడి' అని కలిపారు. నేను మెత్తబడి వెళ్ళిపోయాను.

నేల దిగుతుంది, లేవదు

మార్చి వెళ్ళింది, ఏప్రిల్ వచ్చింది. చెట్టుకి మొదట్లో కాయ లేదు, కొమ్మల్లో లేదు. అప్పలనాయుడు క్రేను పైనుంచి చూసి సాయంత్రం నాకు కనబడి తల అడ్డంగా ఊపేవాడు. అంతటి మాటకారి మనిషి తల ఊపి ఊరుకుంటున్నాడంటే నాకు బాగోలేదు.

ఈలోగా అటువైపు ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. సోమేశ్వరరావు గారి పెరట్లో, గోడవారన, భానుమతమ్మ గారు గిన్నెలు తోముకునే గచ్చు పగిలింది. సివిల్ మేస్త్రీ వచ్చి సిమెంటు పూసి వెళ్ళాడు. పది రోజులకి మళ్ళీ పగిలింది. ఈసారి దశరథరామయ్య గారే వచ్చారు. నేనూ వెంట ఉన్నాను, ఆకుల మీద ఫిర్యాదు కూడా ఏదైనా వస్తే అందుకోవడానికి.

"సెటిల్‌మెంట్ క్రాక్. ఏమీ భయం లేదమ్మా. నేల కాస్త దిగింది" అన్నారు ఆయన.

"దిగలేదండి. లేచింది. గిన్నెలు తోమిన నీళ్ళు ఇదివరకు కాలవకి పోయేవి, ఇప్పుడు నా వంటింట్లోకి వస్తున్నాయి."

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా కడుతున్నాను. నేల దిగుతుంది. లేవదు."

"మరి నా వంటిల్లు దిగిందంటారా?"

ఆయన దానికి జవాబుగా ఇంకో తట్ట సిమెంటు పూయించారు. చదువుకున్నవాడికి ఉండే పెద్ద సౌకర్యం ఇదే. ఎదురుగా ఉన్నది పుస్తకంలో లేకపోతే దాని మీద ఏదో ఒకటి పూసేయవచ్చు. నేను కూడా ఆ రోజు గచ్చుకేసి చూసి, సివిల్ వాళ్ళ వ్యవహారం కదా అని గులాబీల దగ్గరికి వెళ్ళిపోయాను.

మే మొదటి వారంలో వాసన మొదలైంది. పనసపండు వాసన తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పినా చాలదు. రెండు పెరళ్ళ నిండా అదే వాసన. పండు మాత్రం ఎక్కడా లేదు. భానుమతమ్మ గారు గోడ మీంచి, "ఏం నాయుడూ, చాటుగా తెచ్చుకుని తింటున్నారా? ఇంత బతిమాలాం కదా, ఒక తొన ఇవ్వలేకపోయావా?" అన్నారు.

"నాను తింటన్నానా? వాసన మీ పెరట్లోంచే వత్తంది తల్లీ. మీ గాదెలో పెట్టి మావీద ఏత్తారేటి?"

"మాకు గాదె ఎక్కడుందయ్యా, రెండు గదుల క్వార్టరు."

నన్ను పిలిచి తీర్పు చెప్పమన్నారు. నేను అటువైపు వాసన చూసి, ఇటువైపు వాసన చూసి, గాలి మారుతోందని చెప్పి తప్పించుకున్నాను.

పలుగు చివర

గడువు ముగిసింది. లైను పని జంట ఇళ్ళ దగ్గరికి వచ్చింది. ఆ పొద్దున నేను గొడ్డలితో, కాంట్రాక్టరు తాలూకు ఇద్దరు మనుషులు రంపంతో, దశరథరామయ్య గారు స్కేలు కాగితంతో. సంతకం పెట్టవలసిన కాగితం నా జేబులో ఉంది. అప్పలనాయుడు ఆరోజు డ్యూటీకి వెళ్ళలేదు. చెట్టు కింద మంచం తీసేసి గోడకి ఆనించి పెట్టాడు. మనిషి చనిపోయిన ఇంట్లో మంచం అలా పెడతారు.

"సెప్పినాను కదే" అన్నాడు చెట్టుతో. "ఆఫీసరు వచ్చి సెప్పినాడు, అంత పెద్ద బాబు దండం ఎట్టి అడిగినాడు. ఇనలేదు నువ్వు."

ముందు అవతలి పెరట్లో కందకం తవ్వి, అక్కడినుంచి చెట్టు దాకా రమ్మన్నారు దశరథరామయ్య గారు. గీత గచ్చు మీదనుంచే వెళ్తుంది. ఒక మనిషి రెండుసార్లు సిమెంటు పూసిన చోట పలుగు వేశాడు. రాయి మీద పడవలసిన చప్పుడు రాలేదు. మెత్తగా దిగబడిపోయింది. లాగితే పలుగు చివర పసుప్పచ్చగా ఏదో వచ్చింది. అతను వాసన చూసి, వెనక్కి తిరిగి, అందరి మొహాలూ చూశాడు.

"పనస తొన బాబూ."

గచ్చు పెకలించారు. గోడ కింద నుంచి ఈ పెరట్లోకి వచ్చిన లావుపాటి వేరు, ఆ వేరుకి ఒక పనసపండు, ఉయ్యాల్లో పిల్లవాడంత. పైన మా సిమెంటు టోపీలా అతుక్కుని ఉంది.

దశరథరామయ్య గారు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశారు.

"ఇది ఎక్కడ కాసింది?"

"వేరుకి సార్. వేరుపనస అంటారు. కొన్ని చెట్లు నేలలోనే కాస్తాయి."

"నేలలో కాస్తే కాసినట్టేనా?"

"కాసినట్టే సార్."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నేల దిగుతుంది, లేవదు అన్నారు కదా సార్" అన్నారు భానుమతమ్మ గారు, నా తరపున.

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. ఇంకొకరైతే ఆ పండుని అక్కడే కప్పించి ఉండేవారు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. కాసే చెట్టు. కాగితం తీసి, తన గీతని చెట్టు దగ్గర చేత్తో ఒక్కచోట వంచారు. స్కేలు వాడలేదు. ఆ తర్వాత ఆయన కాలనీ చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఆ వంపు దగ్గర నడక వేగం పెంచేవారు.

పండు ఎవరిదన్నది తేలడానికి ఇంకో గంట పట్టింది. మొదలు అప్పలనాయుడిది, నేల సోమేశ్వరరావు గారిది, సిమెంటు సంస్థది. చివరికి భానుమతమ్మ గారు కత్తికి నూనె రాసి కోసి అందరికీ పెట్టారు. పండిపోయింది కనక పొట్టు కూర మరుసటి ఏడాదికి వాయిదా పడింది. దశరథరామయ్య గారు ఒక తొన తిని, సిమెంటు క్యూరింగు బాగా అయిందన్నారు. జోకు వేశారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పలనాయుడు తినలేదు. అందరి చేతుల్లోంచి పిక్కలు ఏరుకుని తువ్వాల్లో మూట కట్టుకున్నాడు.

నేను అక్కడున్నంత కాలం ఏటా ఒక ఆదివారం గొడ్డలితో వెళ్ళేవాణ్ణి. అవసరం లేకపోయినా సోమేశ్వరరావు గారు కబురు పెట్టేవారు. మనవిని ఏటేటా సవరించుకునేవారు.

పక్కింటివాడు

ఎనభైల మొదట్లో నేను ఉక్కు టౌన్‌షిప్‌లో నర్సరీ చూసే పనికి మారాను. గొడ్డలి కూడా నాతో వచ్చింది. పాత ఆఫీసులో దాన్ని ఎవరికి అప్పగించాలో ఎవరికీ తెలియలేదు.

చేరిన వానాకాలంలో అప్పలనాయుడు బస్సు దిగి వచ్చాడు. చంకలో డాల్డా డబ్బా, అందులో కాలనీ చెట్టు పిక్కకి మొలిచిన జానెడు పనస మొక్క.

"మా ఊర్లో ఎట్టీ బావ."

"మీ ఊరు ఎక్కడని వెతకను నాయుడూ, అంతా రోడ్లు వేసేశారు."

అతను నన్ను వెంటబెట్టుకుని ఎండలో తిరిగాడు. ఇక్కడ కాదు, ఇక్కడా కాదు అంటూ తల తిప్పుతూ నడిచాడు. కొండ ఎడమ చెవి దగ్గరికి, సముద్రం గాలి కుడి బుగ్గకి రావాలట. అలా వచ్చిన చోట ఆగాడు. అది మా కొత్త సైకిల్ స్టాండు వెనక భాగం. అక్కడే నాటాం. నేను దాన్ని నీడ కోసం వేసిన చెట్టుగా చూపించాను, అబద్ధం కూడా కాదు.

చెట్టు ఏపుగా పెరిగింది. వాళ్ళ నాన్నలాగే పైన ఒక్క పిందె వెయ్యలేదు. అప్పలనాయుడు రిటైరయ్యాక ఒక రోజు మళ్ళీ వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది.

"బెదిరించు బావ."

గొడ్డలి తెచ్చాను. తెచ్చాక ఇబ్బంది కనబడింది. సోమేశ్వరరావు గారు అప్పటికే రాజమండ్రి వెళ్ళిపోయారు.

"బతిమాలే వాళ్ళేరీ? సొంతదారు బతిమాలకూడదన్నావు కదా."

"నాను సొంతదార్నేటి బావ ఇప్పుడు" అన్నాడు అప్పలనాయుడు. "పక్కింటోడిని."

నేను గొడ్డలెత్తి కొట్టేస్తానన్నాను. అతను చేతులు జోడించాడు. ఈసారికి ఒగ్గీండి బాబూ అన్నాడు. రెండోసారి అన్నాను. రెండోసారీ అడిగాడు. మూడోసారి నాకు గొడ్డలెత్తాలనిపించలేదు, కాని పద్ధతి పద్ధతే. ఎత్తాను. అతను అడిగాడు. సైకిల్ తాళం తీయడానికి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు మా ఇద్దర్నీ చూసి, సైకిలు అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, నాకు తెలిసిన హార్టికల్చరు ఇంతే. ఎరువులు, కత్తిరింపులు, మందులు మీ పుస్తకాల్లో ఉన్నాయి, అవి సరిగ్గానే ఉన్నాయి. చెట్టు కాయలేదని సంతకం చేసే ముందు మాత్రం కాస్త కిందకి చూడండి.

ఆ తర్వాతి వేసవికి ముందు సైకిల్ స్టాండు గచ్చు మీద వెంట్రుకవాసి బీట ఒకటి వచ్చింది. సివిల్ వాళ్ళు వచ్చి చూశారు. సెటిల్‌మెంట్ అన్నారు. సిమెంటు పూసి వెళ్ళారు. నేను రూములోకి వెళ్ళి అప్పలనాయుడికి ఒక కార్డు రాశాను.

బయల్దేరమని.